పూత పడని గుర్తులు

ఆకాశం మొదట నాదే. వేలూరులో ఒక కంప్యూటర్ సెంటరు మేడమీద గదిలో, నల్లటి తెరమీద తెల్లచుక్కలు ఎదురొచ్చి రెండు పక్కలకూ చీలిపోయే ఆకాశం అది. ఓడ ఎడమకు తిరిగితే చుక్కలన్నీ కుడికి ఒరగాలి. దగ్గరివి వేగంగా జరగాలి, దూరపువి నిదానంగా జరగాలి. ఆ తేడా కంటికి నిజమనిపించేలా కుదిరేసరికి ఒక వానాకాలం గడిచిపోయింది. కుదిరిన రోజు, కుర్చీలో కూచున్న నేనే ఓడతోపాటు పక్కకు ఒరిగాను. పక్క యంత్రం దగ్గర టైపు నేర్చుకుంటున్న ఒకాయన నా తెర చూసి తన కుర్చీ అంచు పట్టుకున్నాడు. అంత గర్వం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

దేశం తలుపులు తెరిచిందని పత్రికలు రాస్తున్న కాలం. వేలూరులో వీధికొక కంప్యూటర్ సెంటరు లేచింది. మా సెంటరులో పొద్దున పాఠాలు, మధ్యాహ్నం నుండి ఆటలు. ఆడడానికి వచ్చేవాళ్లలో సగం మంది ఆసుపత్రిలో ఉన్నవాళ్ల బంధువులు. లోపల మనిషికి పరీక్షలు జరుగుతుంటే బయట వీళ్లకు పొద్దు పోవాలి. చిత్తూరు వాళ్లు, కడప వాళ్లు, బెంగాలీలు, ఆంబూరు తోళ్ల మండీల గుమాస్తాలు, అందరూ చెప్పులు మెట్ల కింద విడిచి పైకి వచ్చేవారు. నేను పొద్దున సి భాష నేర్పేవాణ్ణి, మిగతా పొద్దంతా ఆట రాసేవాణ్ణి. గుడియాత్తం నుండి రోజూ బస్సులో వచ్చిపోయేవాణ్ణి. ఇస్త్రీ చొక్కా, మణికట్టు దాకా చేతులు. సీటు కోసం తువ్వాలు విసరడం నాకు చేతకాదు. సగం బస్సు దిగిపోయే పళ్లికొండ దాకా నిలబడే వచ్చేవాణ్ణి.

గుడియాత్తంలో మా ఇంటిపేరు చెబితే లుంగీ అని అర్థమయ్యే రోజులుండేవి. వీధులకు వీధులు మా కోసం మగ్గం ఆడించేవి. ప్రతి లుంగీ మడతమీదా ఒక కాగితం ముద్ర అంటించేవారు. దానిమీద మా ఇంటిపేరు తెలుగులో, అరవంలో, ఇంగ్లీషులో ఉండేది. కొలంబో దాకా పోయిన ముద్ర అది. ఊళ్లో తెలుగు మాట్లాడేవాళ్లు వేలమంది ఉన్నా తెలుగు అక్షరం చదవగలిగినవాళ్లు తక్కువ. మా ఇంట్లో మాత్రం పిల్లలకు అయ్యవారిని పెట్టి నేర్పించారు, ముద్రమీద ఉన్న పేరు మనం చదవలేకపోతే ఎట్లా అని. తరవాత పంపకాలు వచ్చాయి, కోర్టు వచ్చింది, పవర్‌లూమ్ వచ్చింది. చివరికి ఆ ముద్ర కూడా వాటాల్లో అమ్ముడుపోయింది. ఇప్పుడు ఆ పేరుతో లుంగీలు వేసేది వేరే వాళ్లు. మా పేరు వాళ్ల అంగడిమీద ఉంది, మా గుమ్మంమీద బోర్డు ఊడిన మేకులు ఉన్నాయి.

అందుకే బెంగళూరు నుండి ఒక మనిషి వచ్చి చెప్పిన మాట నన్ను అంతగా పట్టుకుంది. ఆయన కంప్యూటర్లు కూర్చి అమ్మే వ్యాపారి తరఫు మనిషి. యంత్రం కొన్న ప్రతివాడికీ ఒక ఆట డిస్కు ఊరికే ఇవ్వాలని వాళ్ల ఆలోచన. సెంటరు యజమాని నా ఆకాశం చూపించాడు. యజమాని అరవాయన, తెలుగు ఇంటి అల్లుడు. తెలుగు మాట్లాడతాడు గానీ, అరవం పక్కన నిలబడి మాట్లాడినట్టు ఉంటుంది.

"ఫస్ట్ స్క్రీన్‌లో ఆట చేసినవాడి పేరు ఏస్తారంట తంబీ," అన్నాడు నాతో. "నీకు ఏ పేరు కావాలో ఆ పేరు ఏసుకో."

నేను ఏ పేరు వేయాలో అప్పుడే అనుకున్నాను. నా పేరు కాదు, మా ఇంటిపేరు. ఇంకొకరు కొనుక్కోలేని చోట, ఒక వెలుగు తెరమీద.

బెంగళూరు మనిషి కూచుని కాసేపు ఎగిరాడు. బాగుంది, బాగుంది అన్నాడు. తరవాత చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఎగరడం బాగుంది. ఎగిరి ఎక్కడికి పోవాలి?" అని అడిగాడు. తెర మూలన పటం ఉందని, అందులో ఏ నక్షత్రమైనా ఎంచుకుని పోవచ్చని, పోతే అక్కడి గ్రహంలో ఏముందో రాసి వస్తుందని చెప్పాను. "పోయాక?" అన్నాడు. ఇంకో నక్షత్రానికి పోవచ్చు అన్నాను. ఆయన లేచి నిలబడ్డాడు. దీపావళి దాటాక వస్తాననీ, ఈలోపల వెతకడంలో కాస్త రుచి తెప్పించమనీ చెప్పి వెళ్లాడు.

ఆమె ఆ తరవాత వచ్చింది. మేస్త్రి కూతురు. ఆమె గురించి నేను చెప్పే మొదటి మాట ఇదే కావడం ఆమెకు నచ్చకపోవచ్చు, కానీ నా మనసులోకి ఆమె అలాగే వచ్చింది. వాళ్లు కట్టడం పనివాళ్లు. మా ఇంటి మేడ కట్టింది వాళ్ల తాత. మా తాతను వాళ్ల తాత "సామీ" అని పిలిచేవాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఇప్పుడు వాళ్ల నాయనకు సిమెంటు కలిపే యంత్రాలున్నాయి, కారు ఉంది. వేలూరు చుట్టూ లేస్తున్న కల్యాణమంటపాల్లో, అపార్టుమెంట్లలో సగం ఆయన చేతిమీదే లేస్తున్నాయి. కూతురు పాలిటెక్నిక్ ముగించి, ఇంట్లో ఊరికే ఉండలేక మా సెంటరులో చేరింది. మొదటి రోజే నా పక్కకు కుర్చీ లాక్కుంటూ నన్ను "అన్నా" అంది.

నా ఆకాశంలో కాసేపు ఎగిరింది. తరవాత నా వైపు తిరిగింది.

"అన్నా, దీంట్లో తప్పిపోయేదెట్లా?"

"తప్పిపోవడం ఎందుకు? మూలన పటం ఉంది కదా."

"అదే చెప్తుండా. యాడికి పోతే ఏముండాదో అంతా ముందే రాసిపెట్టినావు. ఇంక పోయేదెందుకు? ఇంట్లో కూచుని చదువుకుంటే సరిపోలేదా?"

వెనక నిలబడి వింటున్న యజమాని గట్టిగా నవ్వాడు. "ఆ పొన్ను చెప్పేది నిజం తానే తంబీ," అన్నాడు, ఆ పిల్ల చెప్పేది నిజమే కదా అని. ఆయన నా మాటకు అలా నవ్విన గుర్తు నాకు లేదు.

ఇద్దరూ చెరో తీరులో చేసి చూపించండి, రెండు యంత్రాలు పక్కపక్కన పెడదాం, జనం ఏది ఆడితే అది పంపుదాం అని ఆయన తీర్పు చెప్పాడు. ఎగరడం రెంటిలోనూ నాదే. వెతకడం మాత్రం చెరొకటి. ఇంటిపేరు తెరమీద పడాలంటే నా వెతకడమే గెలవాలి.

నేను ఆలోచించాను. మనిషి కొత్త చోటికి ఎందుకు పోతాడు? అది తనది కావాలని. కాబట్టి ముందు చేరినవాడికి ఆ నక్షత్రం దక్కాలి. చేరగానే ఒక జెండా లేస్తుంది, పేరు టైపు చేయమని అడుగుతుంది, ఆ పేరు ఆ నక్షత్రం పక్కన చెరగకుండా ఉంటుంది. మర్నాడు ఎవరు ఆడినా ఆ పేరు కనబడుతుంది. గ్రహాల వర్ణనలు మళ్లీ రాశాను, మంచు గ్రహాలు, గంధకం వానలు, జంట సూర్యులు. ఇంత సంపన్నమైన ఆకాశం వేలూరులో ఇంకెక్కడా లేదని నాకు నమ్మకం.

ఆమె మొదట పటం తీసేసింది. తెరంతా చీకటి. దూరాన ఏదైనా ఉంటే పేరు చెప్పదు, ఒక మూల కాస్త ఎర్రబడుతుంది, అంతే. దగ్గరికి పోతే అది వేడి అని తెలుస్తుంది. ఇంకా దగ్గరికి పోతే సూర్యుడో, మండుతున్న శిథిలమో తెలుస్తుంది. తెలిసేలోపల ఇంధనం సగం అయిపోతుంది. అది చూసి ఇదేదో నిలబడేదే అని నాకు లోపల ఒక ముల్లు గుచ్చుకుంది. కానీ అసలు సంగతి ఆమె తరవాత పెట్టింది. ఏ చోటికి పోయినవాడైనా అక్కడ ఒక గుర్తు వేసి పోవచ్చు. నీటిచుక్క బొమ్మ వేస్తే ఇంధనం ఉందని, అడ్డగీతలు వేస్తే ప్రమాదమని, సున్నా వేస్తే ఏమీ లేదని. ఎవరు వేశారో ఉండదు. తరవాత ఆడేవాడికి చీకట్లో ఆ గుర్తులే దారి.

"ఈ ఆలోచన ఎక్కడిది?" అని అడిగాను. ఏదో ఇంగ్లీషు పత్రికలో చదివి ఉంటుందని నా అనుమానం.

"యాడిదీ కాదన్నా. మా నాయనోళ్లు చేసేదే. ఒక గుంపు ఇటుక పని ముగించి పోతాది, దాని వెనక ఇంకో గుంపు వస్తాది. పోయేవాళ్లు గోడమీద బొగ్గుతో గుర్తులు పెట్టిపోతారు. ఈడ పైపు ఉండాది, మేకు కొట్టొద్దు. ఈడ ఇటుక గుల్ల. ఈ ఇంటాయన కూలి లాగుతాడు. ఈ ఇంటామె టీలో చక్కెర ఎయ్యదు."

"టీకి కూడా గుర్తుందా?"

"ముందు దానికేనన్నా గుర్తు పుట్టింది."

గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. చదువు రానివాడికి కూడా ఆ బొమ్మలు అర్థమవుతాయని, బెంగాలీ అయినా కడప ఆయనైనా ఒకటేనని యజమాని మెచ్చుకున్నాడు. నా గంధకం వానలు ఇంగ్లీషులో ఉన్నాయి.

అయినా మొదట జనం నా యంత్రం దగ్గరే మూగారు. పేరు పెట్టుకోవడమంటే ఎవరికి చేదు? తండ్రి పేరు, పెళ్లాం పేరు, ఊరి పేరు, అభిమాన నటుడి పేరు, ఆకాశమంతా పేర్లు లేచాయి. తిరుపత్తూరు నుండి వచ్చిన ఒకాయన ఆపరేషన్ గదిలో ఉన్న తన తల్లి పేరు ఒక నీలం నక్షత్రానికి పెట్టి కళ్లు తుడుచుకున్నాడు. నేను పక్కనున్న తెర వైపు చూశాను. ఆమె ఒక్కతే కూచుని గుర్తులు వేసుకుంటోంది. అన్నం సహించిన రోజులు అవి.

తరవాత పేర్లు నిండిపోయాయి. మంచి నక్షత్రాలన్నీ మొదటి వారంలో వచ్చినవాళ్లు పట్టుకుపోయారు. కొత్తగా వచ్చిన చిత్తూరు ఆయన ఒకరు చాలాసేపు ఎగిరి, నా వైపు తిరిగాడు.

"ఏం నాయనా, యాడ చూసినా ఎవురెవురి పేర్లో ఉండాయే. మాకేమన్నా మిగిలినాయా?"

"దూరంగా ఉన్నాయి. అటు వెళ్లండి."

"అంత దూరం పొరంబోకు ఎవురికి కావాల నాయనా?" అని ఆయన లేచి, చెప్పకుండానే పక్క యంత్రం దగ్గరికి పోయాడు.

నేను ఆకాశాన్ని ఇంకా పెద్దది చేశాను. కొత్త నక్షత్రాలు పెట్టాను. అవి కూడా నిండాయి. పేరు పెట్టినవాడు మళ్లీ రాడు, వచ్చినా తన పేరు ఉందో లేదో చూసుకుని పోతాడు. పేరు పెట్టనివాడికి చేయడానికి ఏమీ లేదు.

పక్క యంత్రం దగ్గర గొడవ మొదలైంది. నేను పాఠం చెబుతుంటే ఆ మాటలు చెవిలో పడేవి.

"ఓయబ్బా, నీటిచుక్క బొమ్మ ఏసింది నువ్వేనా? ఆడ ఏముండాది? ఇసక కూడా లేదు."

"నేను నిన్న పోయినప్పుడు ఉండె. నువ్వు నిద్రలేచి వచ్చేసరికి ఎవుడో తాగేసినాడు."

"నిన్న నువ్వు ఆడనే లేదు. నీ తమ్ముడికి ఎక్స్‌రే తీయించడానికి పోయినావు."

"అయితే ఇంకెవుడో ఏసినాడు. వాణ్ణి తిట్టు, నన్నెందుకు?"

ఒక తుంటరి మండే సూర్యుడి పక్కన నీటిచుక్క వేశాడు. ఇంకొకడు దానిమీద అడ్డగీతలు వేశాడు. అది చూడడానికని పదిమంది అక్కడికి పోయారు. మా విద్యార్థులు నా బోర్డు వదిలి అటు చూసేవారు. ఆమె నవ్వితే గదంతా తిరిగేది. నేను గొంతు పెంచితే గదంతా నోటుబుక్కుల్లోకి దూరేది. యజమాని సాయంత్రం బజ్జీల పొట్లం తెచ్చి ముందు ఆమె ముందు విప్పేవాడు. "తినమ్మా," అనేవాడు. తరవాత పొట్లం నా వైపు జరిపేవాడు. చల్లారిన బజ్జీ నేను తినను. వేడిగా ఉన్నప్పుడు కూడా తినలేదు.

నాకు ఆమె అంటే అసూయ అని అప్పుడే తెలుసు. దానికి ఇంకో పేరు పెట్టుకుని ఊరుకునే అలవాటు నాకు లేదు. ఆమె గుర్తులకన్నా, ఆమె వాటిని సంపాదించిన తీరు నన్ను కోసేది. నేను ఒక వానాకాలం కూచుని సాధించినదాని పక్కన, వాళ్ల ఇంట్లో పుట్టుకతో ఉన్నది తెచ్చి పెట్టింది. మా ఇంట్లో పుట్టుకతో ఉన్నదల్లా వేరేవాళ్ల అంగడిమీద ఉంది.

ఆ వానల్లో మా హాలు గోడ పూత ఒకచోట పెచ్చుగా రాలింది. కింద ఎర్ర ఇటుకలమీద బొగ్గు గీతలు. ఒక అరచంద్రుడు, దాని కింద రెండు నిలువు గీతలు. ఇదివరకు చూసి ఉంటే మేస్త్రీల పిచ్చిగీతలు అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఊరుకోలేకపోయాను. ఒక మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు ఆ గుర్తు బోర్డుమీద సుద్దతో గీశాను.

"ఇదేంటి?"

ఆమె లేచి దగ్గరికి వచ్చింది. "యాడ చూసినావన్నా?"

"మా ఇంట్లో. హాల్లో పూత రాలింది."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయితే ఇది మా తాతోళ్లదే."

"అర్థం ఏమిటి?"

"వద్దులేన్నా."

"చెప్పు."

"ఈ ఇంట్లో అడిగితేగానీ నీళ్లియ్యరు, అని."

మా తాత ఎండాకాలం వీధిలో పందిరి వేయించి దారిన పోయేవాళ్లందరికీ మజ్జిగ పోయించినవాడు. ఆ మాట ఆమెకు చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పి ఉంటాను.

"నేను లేదన్నానా? వీధిలో పోసినారేమో. లోపల పని చేసేవాళ్లకు అడిగితే ఇచ్చినారేమో. నాకేం తెలుసు, నేను పుట్టలేదు కదా. కావాలంటే మా నాయన్ని అడుగు."

నేను అడగలేదు. ఆమె నిజం చెప్పిందో, నన్ను ఏడిపించడానికి అన్నదో ఈనాటికీ తెలియదు. ఆ సాయంత్రం బస్సులో నిలబడి ఉన్నంతసేపూ నాకు ఒకటే పట్టుదల. ఆమె ఆటలో ఒక తప్పు పట్టాలి. చిన్నది కాదు, ఆట పడిపోయే తప్పు.

మర్నాడు ఆమె యంత్రం దగ్గర కూచున్నాను. అందరూ ఉన్నప్పుడే కూచున్నాను, చాటుగా చూసే అవసరం నాకు లేదు. ఎగిరాను. ఒక నీటిచుక్క గుర్తు పట్టుకుని పోయాను, అక్కడ ఇంధనం లేదు. దాని పక్క గుర్తుకు పోయాను, అక్కడా లేదు. అవి వేసినవాళ్లు ఎప్పుడో రోగిని తీసుకుని ఊళ్లకు వెళ్లిపోయి ఉంటారు. గుర్తులు మాత్రం అలాగే తెల్లగా వెలుగుతున్నాయి. ఎటు తిరిగినా గుర్తులే. చీకటన్నది ఎక్కడా మిగల్లేదు. పెళ్లింటి ముందర చెప్పుల్లా ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి, ఏది ఎవరిదో, ఏది ఎప్పటిదో తెలియదు. రోజూ ఆడేవాళ్లకు ఏది కొత్తదో గుర్తుంటుంది కాబట్టి వాళ్లకు ఇబ్బంది లేదు. ఆమెకు అసలే లేదు. కొత్తగా వచ్చి కూచునేవాడికి మాత్రం తల తిరుగుతుంది. బెంగళూరు మనిషి కొత్తగా వచ్చి కూచునేవాడే. ఆయన ఆ వారంలోనే వస్తున్నాడు.

నేను నోరు మూసుకుంటే చాలు. ఆయన ఆమె యంత్రం దగ్గర తికమకపడి లేస్తాడు, నా దగ్గర తన పేరు రాసుకుని సంతోషిస్తాడు. మా ఇంటిపేరు బెంగళూరు వెళుతుంది.

ఇంటికి పోతూ ఆలోచించాను, మళ్లీ వస్తూ ఆలోచించాను. ఆమె మరిచిపోయినదానివల్ల నేను గెలిస్తే, గెలిచింది నేను కాదు, ఆమె మరుపు. మా పేరు ఇంకొకరి మరుపుమీద నిలబడడం నాకు ఇష్టం లేదు. అంతే అయితే ఇది పెద్దమనిషి తరహా అనుకోవచ్చు. అంతే కాదు. తప్పు పట్టింది నేనని అందరిముందూ తెలియాలి, అప్పుడు ఆమె మొహం నేను చూడాలి.

ఆటల వేళ గది నిండా ఉన్నప్పుడు అడిగాను.

"గోడమీద మీవాళ్ల గుర్తులు ఎన్నాళ్లుంటాయి?"

"పూత పడేదాకా ఉంటాయన్నా."

"ఇక్కడ పూత ఎవరు వేస్తారు?"

ఆమె తెర వైపు చూసింది. ఆడుతున్నవాణ్ణి లేవమంది, తను కూచుంది, ఓడను మెల్లగా ఒక చుట్టు తిప్పింది. గుర్తులు, గుర్తులు, గుర్తులు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం నాకు చాలా బాగుంది. దురదృష్టం ఏమిటంటే అది ఎక్కువసేపు ఉండలేదు.

"మా నాయనది ఇటుక పని వరకేన్నా," అంది. "పూతకు వేరే గుంపు వస్తాది. మేము వాళ్లను చూసేది కూడా లేదు. దాని గురించి నేను అనుకోనేలేదు." ఇంతలో ఆమె మొహం నేను చూడాలనుకున్న తీరుకు పూర్తిగా ఎదురు తీరులోకి మారింది. మొహం విచ్చుకుంది. "చెప్పన్నా. ఎట్లా పుయ్యాల దీన్ని?"

నాకు సమాధానం సిద్ధంగా ఉంది. ఆట తెరిచిన ప్రతిసారీ ప్రతి గుర్తూ ఒక వన్నె మసకబారాలి. తెలుపు బూడిద కావాలి, బూడిద చీకటి కావాలి. అప్పుడు తెల్లగా ఉన్నది కొత్తదని, మసకగా ఉన్నది పాతదని చూడగానే తెలుస్తుంది. చీకటి మళ్లీ చీకటవుతుంది. ఎన్ని వన్నెలు, ఎలా రాయాలి, అంతా చెప్పాను. నిటారుగా నిలబడి, పాఠం చెప్పినట్టు చెప్పాను.

ఆమె తల ఊపుతూ వింది. నేను ముగించీ ముగించకముందే మొదలుపెట్టింది.

"ఆ మసక గుర్తు కాడికి ఇంకొకడు పోతాడు. పోయి చూస్తే నిజంగానే నీళ్లుండాయి. వాడు మళ్లీ నొక్కితే?"

నేను దాని గురించి ఆలోచించలేదు.

"నొక్కితే మళ్లీ తెల్లగా కావాలన్నా. అప్పుడు అబద్ధం గుర్తులు వాటంతట అవే చస్తాయి. నిజమైనవి జనం బతికించుకుంటారు. ఆ సూర్యుడి కాడ బొమ్మ ఏసినోడు రోజూ వచ్చి నొక్కుతా కూచోవాల, పాపం."

జనం నవ్వారు. ఆ తుంటరి ఎవడో గుంపులోనే ఉన్నట్టున్నాడు, "నాకు వేరే పని లేదా," అన్నాడు. యజమాని నా భుజం తట్టి, ఆమె వైపు చూసి, "ఎన్న మూళమ్మా నీకు," అన్నాడు, ఏం బుర్రమ్మా నీది అని. తట్టింది నా భుజం, పొగిడింది ఆమె బుర్రను. నేను రెండు బస్సు ప్రయాణాల్లో ఆలోచించి ఒక మేడ కడితే, ఆమె నిలబడ్డచోటే దానిమీద ఇంకో అంతస్తు లేపింది. ఆ పై అంతస్తే అందరికీ కనబడుతుంది.

సాయంత్రానికి అంతా రాసి పెట్టేసింది. ఒకచోట ఇరుక్కుంటే నన్నే అడిగింది, సరిచేసి ఇచ్చాను.

బెంగళూరు మనిషి వచ్చాడు. ఆమె యంత్రం దగ్గర కూచున్నాడు. తెల్లటి గుర్తు ఒకటి, మసకది ఒకటి కనబడ్డాయి. కాసేపు ఆలోచించి మసకదాని వైపు పోయాడు. అక్కడ ఏమీ లేదు. అక్కడినుండి చీకట్లోకి పోయాడు, తప్పిపోయాడు, ఇంధనం అడుగంటుతుండగా ఎవరూ గుర్తు వేయని, ఇంధనం ఉన్న ఒక మంచు ముద్ద తగిలింది. నీటిచుక్క వేసి, కుర్చీలో వెనక్కి వాలి, టీ ఉందా అని అడిగాడు. తరవాత నా యంత్రం దగ్గరికి వచ్చి ఒక దూరపు నక్షత్రానికి తన పేరు పెట్టి, మర్యాదగా నవ్వి, లేచాడు. ఎగరడం మీది, వెతకడం ఆవిడది, కలిపి పంపండి అన్నాడు.

మొదటి తెర తయారుచేసేటప్పుడు మేం ముగ్గురమే ఉన్నాం. ఆమె తన పేరు అప్పటికే టైపు చేసింది. దాని కింద వరుసలో కర్సరు కొట్టుకుంటోంది.

"అన్నా, నీ పేరు ఎట్లా ఏసేది? ఇంటిపేరు ఒకటే చాలునా?"

"మొదటి వరుసలో ఎవరిది?"

"నాది. నీది కింద."

నేను ఆ కర్సరు వైపే చూశాను.

"ఎవురిది ముందుంటే ఏమన్నా? ఏమన్నా రాలిపోతాదా?"

"ఏమీ లేకపోతే నాది ముందు వెయ్యి."

ఆమె నిజంగానే ఆలోచించింది. ఆమె ఆలోచించడం కనబడింది. తరవాత తల అడ్డంగా ఊపింది. "అది మాత్రం కుదరదన్నా. ఆకాశం నీదే, ఎవురన్నా కాదంటే నేనే కొట్లాడతా. కానీ జనం వచ్చింది నా కాడికి."

"అయితే నాది వద్దు."

"తంబీ, పిడివాదం ఎందుకు?" అన్నాడు యజమాని. "రెండోది కూడా పేరు తానే."

"మా పేరు ఎప్పుడూ రెండో వరుసలో లేదు," అన్నాను.

"మొదటి వరుసలో యాడుండాదన్నా ఇప్పుడు?"

ఆమె ఆ మాట మెల్లగా అంది. గుచ్చాలని అందని నేను అనుకోను. తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. అందుకే అది ఎక్కువ లోపలికి దిగింది. నేను చొక్కా చేతుల గుండీలు సరిచూసుకున్నాను. ఆమె కొంచెంసేపు ఎదురుచూసి, ఆ ఖాళీ వరుస చెరిపేసింది. ఆమె పేరు తెర మధ్యకు జరిగింది.

ఒక వరుసకేముంది, ఒప్పుకుని ఉండాల్సింది అని తరవాత చాలామంది అన్నారు. ఇప్పుడు అడిగినా నేను అదే చెబుతాను. అమ్ముడుపోయిన పేరును తిరిగి తెచ్చుకుంటే తలమీదికి తెచ్చుకోవాలి, ఇంకొకరి కాళ్ల దగ్గరికి కాదు. ఆ విషయంలో నాకు బాధ లేదు. నాకు మిగిలింది అసూయే, అది కూడా ఆ తెరమీది పేరు గురించి కాదు. నేను ఆమె మీదికి విసిరినదాన్ని ఆమె రెండు చేతులతో అందుకుంది. పక్క గోడమీద పనిచేసేవాడి తాపీని అడిగి తీసుకున్నట్టు తీసుకుంది, వెంటనే పని మొదలుపెట్టింది. తీసుకున్నందుకు తగ్గిపోయానని ఆమెకు తోచనే లేదు. మా ఇంట్లో ఇవ్వడం తెలుసు. ఒకరి దగ్గర తీసుకుని అలా వెలిగిపోవడం మాలో ఎవరికీ రాలేదు.

మర్నాడు నేను సెంటరుకు మామూలుగా వెళ్లాను. మానేస్తే ఓడిపోయి పోయాడంటారు. నేను బోర్డు తుడుస్తుండగా ఆమె వచ్చి కుర్చీ లాక్కుంది. ముందురోజు ఏమీ జరగనట్టే ఉంది ఆమె మొహం.

"అన్నా, ఒకటి అడగాల. ఇంధనం మొత్తం అయిపోయినప్పుడు ఓడ ఏం చేయాల? ఊరికే ఆట అయిపోయిందంటే జనం తిడతారు."

ఏం చేయాలో నాకు తెలుసు. ఓడ చావకూడదు, అలా తేలుతూ పోవాలి, ఆగిపోయిన చోట దానంతట అదే ఒక గుర్తుగా మారాలి, తరవాత వచ్చేవాడికి కనబడాలి. ఆ సంగతి నేను ఎప్పుడో అనుకుని నా ఆటకోసం దాచుకున్నాను.

డస్టరు కింద పెట్టి, అది కూడా చెప్పాను. ఆమె రాసుకుంది. అది కూడా ఆమె పేరు కిందే బెంగళూరు పోయింది.